జె.పి. నాయక్: పల్లె బడి నుంచి కొఠారీ కమిషన్ దాకా

మన పిల్లలు పదో తరగతి, ఆపై రెండేళ్ల ఇంటర్, ఆపై మూడేళ్ల డిగ్రీ అంటూ లెక్క వేసుకుంటారు కదా. ఈ 10+2+3 పద్ధతిని దేశమంతటికీ సిఫారసు చేసింది కొఠారీ కమిషన్. దానికి అధ్యక్షుడు డి.ఎస్. కొఠారీ. సభ్య కార్యదర్శిగా ఉండి నివేదిక బరువంతా మోసింది మాత్రం జయంత్ పాండురంగ్ నాయక్. జె.పి. నాయక్ అంటేనే అందరికీ తెలుసు.

ఆయన 1907లో కొల్హాపూర్ ప్రాంతంలోని బహిరేవాడి అనే పల్లెలో పుట్టారు. అసలు పేరు విఠల్ హరి ఘోట్గే, పేరు తర్వాత మార్చుకున్నారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లొచ్చారు. బయటకొచ్చాక పట్నంలో ఉద్యోగం వెతుక్కోకుండా ధార్వాడ్ జిల్లా ఉప్పిన బెటగేరి గ్రామంలో ఉండిపోయి, బడి, ఆరోగ్యం, ఊరి బాగు కోసం పనిచేశారు. ధార్వాడ్ జిల్లా ప్రాథమిక బడుల పాలన కూడా చూశారు. ఒకే టీచర్ ఉన్న బడి ఎలా నడుస్తుంది, పొలం పనుల రోజుల్లో పిల్లలు ఎందుకు మానేస్తారు అన్నది ఆయన ఫైళ్లలో కాక అక్కడే చూసి నేర్చుకున్నారు.

చరిత్రకారుడిగా ఆయనకు పేరు తెచ్చింది 1943లో సయ్యద్ నూరుల్లాతో కలిసి రాసిన పుస్తకం. బ్రిటిష్ కాలంలో భారతదేశ విద్యా చరిత్ర దాని విషయం. బి.ఎడ్., ఎం.ఎడ్. విద్యార్థులకు నూరుల్లా, నాయక్ పేర్లు జంటగానే గుర్తుంటాయి. మదరాసులో మన్రో 1822లో మొదలుపెట్టిన విచారణ, బెంగాల్‌లో ఆడమ్ నివేదికలు, 1835 నాటి మెకాలే వాదన, 1854 వుడ్ డిస్పాచ్, 1882 హంటర్ కమిషన్ అన్నీ అందులో వరుసగా వస్తాయి. ఊళ్లలో అప్పటికే ఉన్న పాఠశాలలు, మక్తబ్‌లను బాగుచేసి వాటి మీదే కొత్త చదువు కట్టి ఉండాల్సిందని, వాటిని వదిలేయడం పెద్ద తప్పని ఈ ఇద్దరి వాదన. మక్తబ్ అనగానే వెనకబాటు అనుకునేవాళ్లు ఈ భాగం ఒకసారి చదవాలి.

1948లో ముంబైలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌ను స్థాపించారు. కొల్హాపూర్ జిల్లా గార్గోటిలో పల్లె పిల్లల కోసం వచ్చిన మౌని విద్యాపీఠ్ వెనకా ఆయనే ఉన్నారు. 1959లో కేంద్ర విద్యాశాఖకు సలహాదారుగా ఢిల్లీ వెళ్లారు. భార్య చిత్రా నాయక్ కూడా పేరున్న విద్యావేత్తే.

కొఠారీ కమిషన్ 1964లో ఏర్పడింది. అప్పటి విద్యామంత్రి ఎం.సి. చాగ్లా. సభ్యుల్లో ఖ్వాజా గులాముస్సయ్యదైన్ ఒకరు. 1966 జూన్‌లో నివేదిక ఇచ్చారు. అందులో రెండు మాటలు ఈనాటికీ వినిపిస్తాయి. ఒకటి, జాతీయ ఆదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలి. రెండోది కామన్ స్కూల్, అంటే ఆఫీసర్ గారి పిల్లాడైనా ఆటో నడిపే ఆయన పిల్లాడైనా ఆ ఏరియా బడిలోనే కలిసి చదవాలి. ఆ 6 శాతం ఇంకా అందలేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మళ్లీ అదే అంకె రాసుకుంది. కామన్ స్కూల్ సంగతి సరే సరి, జూన్ వస్తే ప్రైవేటు స్కూలు ఫీజు కోసం ఇల్లు తలకిందులయ్యే కుటుంబాలకు చెప్పక్కర్లేదు.

1969లో ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. ఏర్పడితే దానికి మొదటి సభ్య కార్యదర్శి అయ్యారు. 1974లో పద్మభూషణ్ వచ్చింది. 1975లో వచ్చిన పుస్తకంలో సమానత్వం, నాణ్యత, సంఖ్య ఈ మూడూ మన చదువుల్లో ఒకేసారి ఎందుకు చేతికి అందడం లేదో చర్చించారు. బడికి రాలేని పిల్లల కోసం పనివేళలు దాటాక నడిచే అనియత విద్యను గట్టిగా కోరారు. పేదలకు రెండో రకం చదువు అవుతుందని దాన్ని విమర్శించినవాళ్లూ ఉన్నారు, ఆ విమర్శలో బలం లేకపోలేదు.

చివర్లో తన కమిషన్ సిఫారసులు ఏమయ్యాయో తానే లెక్క తీసి పుస్తకం రాశారు. ఏది అమలైంది, ఏది మూలన పడింది, తమ నివేదికలోనే ఏం లోపం ఉందో దాచకుండా చెప్పారు. ఆయన 1981 ఆగస్టులో కన్నుమూశారు. ఆ పుస్తకం మరుసటి ఏడు బయటికొచ్చింది.