రబ్బరు తోటలకు ఎరువు ఎట్లు వచ్చినది?

రబ్బరు చెట్టుకు పుట్టినిల్లు బ్రెజిలు అడవి. 1876లో హెన్రీ విఖాం అను ఆంగ్లేయుడు అచటి నుండి సుమారు 70,000 గింజలను లండను చెంతనున్న క్యూ ఉద్యానమునకు చేర్చెను. వానిలో మొలచినవి మూడువేలకు లోపే. మొక్కలలో అధికభాగము సింహళమునకు వెళ్లినవి. 1877లో సింగపూరు చేరినవి 22 మాత్రమే. ఈ కొద్దిపాటి మొక్కల సంతానమే చాలవరకు మలయా దేశమున తోటలై వ్యాపించినది.

తొలినాటి తోటల యజమానులలో పలువురికి ఎరువు మాట పట్టలేదు. దానికొక వాదము కూడ ఉండెను. రబ్బరు కర్బనము, ఉదజని కలిసిన పదార్థము. కర్బనము గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుండి, ఉదజని నీటి నుండి చెట్టుకు లభించును. వరి కోసిన రైతు గింజతోపాటు నేలసారమును కూడ బండి కెత్తుచున్నాడు. రబ్బరు పాలు తీయువాడు నేల నుండి తీసికొనిపోవునది ఏమున్నది? వినుటకు బాగానే యున్నది. కాని పాలలో మాంసకృత్తులు, భాస్వరము, పొటాషియం, మెగ్నీషియం కూడ కొంచెము కొంచెముగా కలవు. అదియుగాక, చెట్టు పాలిచ్చుటకు ముందు ఒక మాను కావలెను గదా! ఆ మాను, కొమ్మలు, గాటు పెట్టినకొలది మరల ఏర్పడవలసిన బెరడు, వీటన్నిటికిని నేలసారము కావలెను.

నేలకు ఎక్కువ నష్టము జరిగినది పార వలన. దర్భ జాతికి చెందిన లాలాంగ్ గడ్డి ఒకసారి ప్రవేశించినచో తోటను వదలదు. ఆ భయముచేత చెట్ల నడుమ గడ్డిపరకయైన లేకుండ నేలను నున్నగా ఉంచుటయే మంచి సేద్యమని దొరలు నమ్మిరి. ఆ కలుపు తీసినవారు ఎక్కువగా తమిళులు. ఉత్తర కోస్తా జిల్లాల నుండి వెళ్లిన తెలుగు కూలీలును వారిలో కలరు. ఏటా సుమారు 100 అంగుళాల వర్షము, కొండవాలు, కప్పు లేని మట్టి! పైమన్ను వాగుల పాలైనది. తమ కష్టము చేతనే తోట బలము తరుగుచున్నదని ఆ కూలీలలో ఎవరైన గ్రహించినను, వారి మాట వినువారెవరు?

1925లో మలయా రబ్బరు పరిశోధన సంస్థ చట్టరీత్యా ఏర్పడినది. అచటి నేలల శాస్త్రజ్ఞుడు హెయిన్స్, తోటలో సహజముగా పెరుగు మొక్కలను పూర్తిగా పెరికివేయక అదుపులో ఉంచుకొని వాడుకొనవచ్చునని 1934లో ఒక గ్రంథమున వివరించెను. కాని అదే సంవత్సరమున రబ్బరు ఎగుమతులపై అంతర్జాతీయ ఒడంబడిక హద్దులు విధించినది. అమ్ముటకే హద్దున్నప్పుడు దిగుబడి పెంచుటకు ఖర్చు చేయుడనిన ఎవరికి రుచించును?

పురేరియా, సెంట్రోసీమా, కాలపొగోనియం అను తీగెలు మన పిల్లిపెసర వలె చిక్కుడు జాతివి. ఇవి నేలను కప్పి వానదెబ్బను ఆపును. వేరు బుడిపెలలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఉంచును. మలయా లోతట్టు నేలలు పులుసు నేలలు, భాస్వరము తక్కువ. అందుచే క్రిస్మస్ దీవి నుండి వచ్చిన ఫాస్ఫేటు రాతిపొడిని ఈ తీగెలకే చల్లుట అలవాటైనది. పులుసు నేలలో ఆ పొడి మెల్లగా కరగును. తీగె తాను తిన్నదానిని ఆకు రాల్చి రబ్బరు చెట్టుకు అప్పగించును. హెయిన్స్, రోథంస్టెడ్ రసాయనజ్ఞుడు క్రౌథర్ కలిసి 1940లో ప్రకటించిన ప్రయోగఫలితములలో, లేతతోటలకు భాస్వరము ఎంత అవసరమో కనబడినది. మాను చుట్టుకొలత సుమారు 20 అంగుళాలకు వచ్చిన గాని గాటు పెట్టరు. బలము లేని నేలలో ఇందుకు ఏడెనిమిదేండ్లు పట్టును. ఎరువు పడినచో ఒకటి రెండేండ్లు కలసివచ్చును. అప్పు తెచ్చి తోట వేసినవానికి ఆ రెండేండ్లు తక్కువ లాభము కాదు.

ఏ చెట్టుకు ఎంత వేయవలెను? నేలను పరీక్షించిన, అందులో ఉన్నది తెలియును. చెట్టుకు అందినది తెలియదు. కనుక ఆకునే పరీక్షింపవచ్చునని ఛాప్‌మన్ 1941లో చూపెను. ఆ సంవత్సరాంతమున యుద్ధము మలయాను ముట్టడించుటతో పని ఆగినది. శాంతి వచ్చిన పిమ్మట ఆకుపరీక్ష తోటలలో పాతుకొన్నది. 1955లో కొట్టాయములో మన దేశపు రబ్బరు పరిశోధన సంస్థ వెలసినది. ఎరువు మితిమీరిన కలుగు చిక్కులును క్రమముగా బయటపడినవి. నత్రజని ఎక్కువైన తల బరువెక్కి గాలికి మాను విరుగును. పొటాషియం ఎక్కువైన చెట్టు మెగ్నీషియంను సరిగా తీసికొనలేదు. మెగ్నీషియమే ఎక్కువైనచో, పాలు చిప్పలోనికి జారకముందే గాటుమీదనే గడ్డకట్టును.