ఫోను, నెట్‌వర్కు: ఎంపిక స్వేచ్ఛ ఎలా వచ్చింది?

ఇవాళ మీరు తుర్కపల్లిలో కొత్త ఫోను కొంటే, అందులో ఏ కంపెనీ సిమ్ వేసుకోవాలన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ మొదటినుంచీ మన చేతిలో లేవు.

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో మొదట లైసెన్సులు దక్కింది జె.టి. మొబైల్స్, టాటా సెల్యులార్‌లకే. అప్పట్లో వచ్చిన కాల్ ఎత్తినా బిల్లు పడేది. నెంబరు చూసి కట్ చేసి, ఎస్.టి.డి. బూత్ వెతుక్కునేవారు! 2002 చివర్లో రిలయన్స్ వచ్చింది. దాని తొలి సి.డి.ఎం.ఎ. ఫోన్లలో సిమ్ లేదు కాబట్టి ఫోనును ఎంచుకుంటే కంపెనీని ఎంచుకున్నట్లే. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది.

అయితే ధరల తగ్గుదలకన్నా నెంబరు మార్పిడి సౌకర్యమే పెద్ద మలుపు అనాలి. కూలికి పిలిచే మేస్త్రీకి, బ్యాంకుకు, పుట్టింటికి తెలిసిన నెంబరు పోతుందన్న భయంతో, సిగ్నల్ అందకున్నా పాత కంపెనీతోనే సర్దుకున్న కుటుంబాలు ఎన్నో. 2011 జనవరి 20న ఈ సౌకర్యం దేశమంతటా అమలైంది. పాత నెంబరుతోనే కంపెనీ మారవచ్చు. 1900కు ఒక మెసేజ్‌తో ఆ పని మొదలవుతుంది.

ఒక విశేషం గమనించండి: 2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం లైసెన్సు సర్కిల్ విడిపోలేదు. తుర్కపల్లి నెంబరు నేటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే ఉంది.