చూడి పంది బోనులోంచి బయటికి ఎలా వచ్చింది?

వెడల్పు 2 అడుగులు, పొడవు 7 అడుగులు. మనం పడుకునే సింగిల్ మంచం కన్నా సన్నటి ఇనుప చట్రం అది. 200 కిలోలు దాటిన ఆడపంది అందులో నిలబడగలదు, పడుకోగలదు. వెనక్కి తిరగలేదు. ముందు దాణా తొట్టి, కింద పేడా మూత్రం జారిపోవడానికి సందులు వదిలిన కాంక్రీటు నేల. పంది చూడితో ఉండేది సుమారు 114 రోజులు. ఈనే ముందు ఇంకో రకం బోనులోకి మారుస్తారు. పిల్లలకు పాలు మాన్పించి, మళ్లీ చూలు కట్టించి తిరిగి ఈ చట్రంలోకే తెస్తారు. కబేళాకు పంపేదాకా ఇదే వరస. అమెరికాలో దీని పేరు జెస్టేషన్ క్రేట్, బ్రిటన్‌లో సౌ స్టాల్.

ఇంత ఇరుకు బోను ఎవరికైనా ఎందుకు తట్టింది? పందిని బాధపెట్టాలని కాదు. దాణా పంచడంలో వచ్చిన చిక్కు తీర్చడానికి.

చూడి పందికి కడుపు నిండా పెట్టకూడదు. పెడితే కొవ్వు పట్టి ఈనేటప్పుడు ఇబ్బంది పడుతుంది, కాళ్లు దెబ్బతింటాయి. అందుకే రోజుకు రెండు, రెండున్నర కిలోలు కొలిచి పెడతారు. దాన్ని అరగంట తిరక్కుండానే తినేస్తుంది. ఆకలి మాత్రం అలాగే ఉంటుంది. ఆకలితో ఉన్న పందుల్ని ఒకే కొట్టంలో వదిలితే బలమైనది రెండు వాటాలు లాగేసుకుంటుంది, బక్కది పస్తుంటుంది. కొత్తగా కలిపిన పందులు పెద్దరికం తేల్చుకోవడానికి కరుచుకుంటాయి. చూలు నిలిచిన తొలి వారాల్లో ఆ కొట్లాటలకు చూలు పోయే ప్రమాదం కూడా ఉంది. 1960ల్లో ఐరోపా, అమెరికా ఫారాలు ఒక్కో పందికి ఒక్కో చట్రం బిగించేసరికి ఈ తలనొప్పులన్నీ ఒక్కసారిగా తీరాయి. ఎవరి వాటా వాళ్లకు అందింది. గడ్డి పరవక్కర్లేదు. ఒక్క పనివాడు వందల పందుల్ని చూసుకోగలిగాడు. 1980లు వచ్చేసరికి పెద్ద ఫారాల్లో ఇదే పద్ధతి పాతుకుపోయింది.

బోనులోని పంది మాత్రం కొత్త పనులు మొదలెట్టింది. ముందున్న ఇనుప కమ్మీని గంటల తరబడి కొరికేది. నోట్లో ఏమీ లేకుండానే నురగ వచ్చేలా నమిలేది.

1964లో లండన్‌కు చెందిన రూత్ హారిసన్ 'యానిమల్ మెషీన్స్' అనే పుస్తకం తెచ్చింది. 'సైలెంట్ స్ప్రింగ్' రాసిన రేచెల్ కార్సన్ దానికి ముందుమాట రాసింది. హారిసన్ ఎక్కువగా రాసింది కోళ్లు, దూడల గురించే అయినా ఆ సెగ పందుల షెడ్డుకూ తగిలింది. జనంలో గగ్గోలు రేగడంతో బ్రిటిష్ ప్రభుత్వం జంతుశాస్త్ర ప్రొఫెసర్ రోజర్స్ బ్రాంబెల్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1965లో నివేదిక వచ్చింది. పెంపుడు పశువు లేవడానికి, పడుకోవడానికి, ఇటూ అటూ తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి చోటుండాలన్నది అందులోని కనీస సూత్రం. సౌ స్టాల్ ఆ కొలతకు తూగలేదు. అయినా అది చట్టం కావడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

ఆ మధ్య కాలంలో స్కాట్లండ్‌లో ఒక పరిశోధన జరిగింది. ఫారంలో పుట్టి పెరిగిన పందికి బోను బయట బతకడం అసలు తెలుసా? తరతరాలుగా షెడ్డులో ఉన్న జంతువుకు అడవి లక్షణాలు మిగిలే ఉంటాయా? 1970ల చివర్లో ఎడిన్‌బరోలో అలెక్స్ స్టోల్బా, డేవిడ్ వుడ్-గష్ అనే పరిశోధకులు మామూలు ఫారం పందుల్నే ఒక కొండవాలు మీద కంచె వేసి వదిలారు. అందులో కొన్ని పైన్ చెట్లు, ముళ్లపొదలు, ఒక వాగు, పొర్లడానికి బురద గుంట ఉన్నాయి. పందులు పగటి వేళ సగానికి పైగా ముట్టెతో మట్టి పెళ్లగిస్తూ, గడ్డి మేస్తూ గడిపాయి. కలిసి పడుకునే గూడు కట్టుకున్నాయి, దాని దగ్గర పేడ వేయలేదు. ఈనే సమయం వచ్చిన పంది గుంపును వదిలి దూరంగా వెళ్లి, చాటు చూసుకుని, నేల తవ్వి, గడ్డీ కొమ్మలూ నోట కరుచుకొచ్చి పక్క పరుచుకుంది. అడవిపంది చేసే పనులే ఇవన్నీ. ఎవరూ నేర్పలేదు.

అదే ఎడిన్‌బరోలో మైఖేల్ ఆపిల్‌బీ, అలిస్టర్ లారెన్స్ 1987లో ఇంకో సంగతి తేల్చారు. కమ్మీ కొరకడానికి మూలం ఒక్క ఇరుకే కాదు, ఆకలి కూడా అని. దాణా పెంచితే ఆ అలవాటు బాగా తగ్గింది. అంటే బోను తీసేసినంత మాత్రాన చాలదు, కడుపు నింపే పీచు మేత కూడా పెట్టాలి. ఈ చర్చలో ఇరుపక్షాలూ తరచూ దాటేసే విషయం ఇది.

ఇక పాత చిక్కు మిగిలింది. బోను తీసేస్తే దాణా ఎలా పంచాలి? దీనికి జవాబు నెదర్లాండ్స్‌లో, పాడి ఆవుల కొట్టంలో దొరికింది. ఏ ఆవు వచ్చిందో గుర్తుపట్టడానికి అక్కడ మెడ పట్టీలో ఎలక్ట్రానిక్ బిళ్ల కట్టేవారు. 1980ల తొలినాళ్లలో అదే కిటుకును చూడి పందులకు తెచ్చారు. బిళ్ల మొదట మెడకు, తర్వాత చెవికి చేరింది. పంది ఒక సన్నటి గదిలోకి నడుస్తుంది, వెనక గేటు మూసుకుంటుంది. యాంటెన్నా బిళ్లను చదువుతుంది. ఈ పంది ఎన్నో రోజు చూడితో ఉందో, ఈ పూట వాటా ఎంతో కంప్యూటర్‌కు తెలుసు. దాణా కొంచెం కొంచెంగా తొట్టిలో పడుతుంది. తినేసి బయటికి పోతుంది. మళ్లీ వస్తే ఏమీ రాలదు. ఒక్క యంత్రం యాభై అరవై పందులకు సరిపోతుంది.

మొదట్లో ఇదీ బెడిసికొట్టింది. తొలి యంత్రాల్లో పంది తిన్నాక వెనక్కి నడుచుకుంటూ బయటికి రావాలి. అప్పటికే వెనక వరసలో ఆకలితో నిలబడ్డవి దాని వెనక భాగాన్ని కొరికేసేవి. విసిగిపోయిన రైతులు కొందరు మళ్లీ బోనుకే మళ్లారు. బయటికి పోయే తలుపు ముందువైపు పెట్టాకే ఈ బెడద తగ్గింది. ఆ మార్పుతో బోనుకు ఉన్న గట్టి సమర్థన కూడా పోయింది.

ఇక చట్టాలు. స్వీడన్‌లో పిల్లల కథల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ 1985 నుంచి పత్రికల్లో పోరాడింది. 1988లో వచ్చిన జంతు సంక్షేమ చట్టాన్ని అక్కడి జనం ఆమె పేరుతోనే పిలిచారు. బ్రిటన్ 1991లో నిబంధనలు చేసి, 1999 జనవరి 1 నుంచి సౌ స్టాల్‌ను పూర్తిగా ఎత్తేసింది.

ఆ తర్వాత జరిగింది బ్రిటిష్ పంది రైతులు ఇప్పటికీ చెప్పుకుంటారు. చట్టం స్వదేశీ షెడ్లకే వర్తించింది. స్టాళ్లలో పెంచిన పందుల మాంసం పక్క దేశాల నుంచి చౌకగా దిగింది. కొన్నేళ్లలో బ్రిటన్ ఆడపందుల మంద దాదాపు సగానికి పడిపోయింది. పౌండు విలువ పెరగడం, 2001 నాటి గాలికుంటు వ్యాధి కూడా కారణాలే. కానీ ఖర్చు తమ మీద వేసి పోటీ బయటివాళ్లకు వదిలేశారన్న రైతుల ఫిర్యాదులో న్యాయముంది. ఐరోపా సమాఖ్య మొత్తానికీ 2013 జనవరి 1న ఆంక్షలు వచ్చాయి. చూలు కట్టించిన నాలుగు వారాల తర్వాత నుంచి ఈనడానికి వారం ముందు దాకా పందుల్ని గుంపుగానే ఉంచాలి. గడువు దాటినా అమలు చేయని తొమ్మిది దేశాలపై ఆ ఫిబ్రవరిలోనే యూరోపియన్ కమిషన్ చర్యలు మొదలుపెట్టింది.

అమెరికాలో ఓటర్లే ముందుకొచ్చారు. 2002లో ఫ్లోరిడా ఓటుతో క్రేట్‌ను నిషేధించిన తొలి రాష్ట్రమైంది. 2018లో కాలిఫోర్నియా బ్రిటన్ చేసిన తప్పు చేయలేదు. పెంపకంతో పాటు అమ్మకానికీ షరతు పెట్టింది: తల్లి పందికి 24 చదరపు అడుగుల చోటు ఇవ్వని చోట తయారైన మాంసం, ఏ రాష్ట్రం నుంచి వచ్చినా, కాలిఫోర్నియాలో అమ్మకూడదు. పాత క్రేట్ 14 చదరపు అడుగులే. కాలిఫోర్నియా తినే పంది మాంసం దాదాపు అంతా బయటి రాష్ట్రాలదే కాబట్టి పెంపకందార్ల సంఘం కోర్టుకెక్కింది. 2023 మేలో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాలిఫోర్నియా వైపే నిలిచింది.

ఈనేటప్పుడు పెట్టే బోను గొడవ ఇంకా తెగలేదు. కిలోన్నర తూగని పిల్ల మీద తల్లి పడుకుంటే చచ్చిపోతుంది, అందుకే ఆ కమ్మీలు. ఈ భయం నిజమే. కానీ ఆ బోనును కూడా ఎత్తేసిన స్విట్జర్లాండ్‌లో లెక్క తీస్తే, విశాలమైన కొట్టాల్లో నలిగి చచ్చిన పిల్లలు కొంచెం ఎక్కువ, ఇతర కారణాలతో చచ్చినవి తక్కువ. మొత్తం చావులు దాదాపు సమానం.

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11 ప్రకారం, కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం నేరం. మరోవైపు జాతీయ పశుసంపద మిషన్ కింద 100 ఆడపందులు, 10 మగపందుల యూనిట్‌కు 30 లక్షల దాకా సబ్సిడీ ప్రకటించడంతో కొత్త షెడ్లు లేస్తున్నాయి. పడమటి దేశాలు ముందు బోను బిగించి, తర్వాత పీకేయడానికి రెండోసారి ఖర్చు పెట్టాయి. తెలుగు నేల మీద కొత్తగా పంది ఫారం పెట్టబోయేవాళ్లు ప్లాను గీయించేటప్పుడే చూడి పందులకు గుంపు కొట్టం, ముట్టె ఆడించడానికి గడ్డి, పీచు మేత లెక్కలో వేసుకోండి. రేపు కూలగొట్టాల్సిన గోడను ఈరోజు అప్పు చేసి కట్టకండి.