నేల మెరిసింది, పేర్లు ఏవి?



మా నాన్న మొజాయిక్ నేలలకు పాలిష్ పట్టేవాడు. మెషీన్ పోని మూలల్ని మోకాళ్ల మీద కూర్చుని సానరాయితో రుద్దేవాడు. ఒక ఇంటి గృహప్రవేశం ఫోటోల్లో ఆ నేల అద్దంలా మెరుస్తోంది. నాన్న మాత్రం ఒక్క ఫోటోలో కూడా లేడు.

అందుకే గుస్తావ్ కైబోత్ 1875లో గీసిన 'నేల గీకేవాళ్లు' చూసినప్పుడు నేను కదల్లేకపోయాను. పారిస్‌లో మిరోమెనిల్ వీధిలోని చిత్రకారుడి సొంతిల్లు. ఆయన స్టూడియోగా వాడుకోబోయే గది అదేనంటారు. ముగ్గురు కూలీలు చొక్కాల్లేకుండా మోకాళ్ల మీద వంగి చెక్క నేలను గీకుతున్నారు. చుట్టూ చెక్క పొట్టు చుట్టలు, పక్కన ఒక సీసా, ఒక గ్లాసు. కిటికీ వెలుగు వాళ్ల వీపుల మీద పడుతోంది.

ఆ ఏడాది సలోన్ జ్యూరీ ఈ బొమ్మను తిరస్కరించింది. గ్రీకు దేవుళ్ల నగ్నత్వం అక్కడ కళే. పొలంలో వంగిన పల్లె కూలీలకూ అప్పటికే గోడ మీద చోటు దొరికింది. నగరంలో, పెద్దింట్లో చెమటోడ్చే ఒళ్లు మాత్రం మోటుగా తోచింది. 1876లో ఇంప్రెషనిస్టులు తమ రెండో ప్రదర్శనలో దాన్ని పెట్టారు. తర్వాత 'జెర్మినల్' రాసిన ఎమిలీ జోలా కూడా అప్పుడు దాన్ని మెచ్చలేదు. మరీ ఉన్నదున్నట్టు ఉందన్నాడు!

అదే ప్రదర్శనలో కైబోత్ 'భోజనం' కూడా ఉంది. అదీ ఆ ఇల్లే. తమ్ముడు తింటున్నాడు, తల్లికి నౌకరు వడ్డిస్తున్నాడు. ఆ నౌకరు పేరు జాన్ దొరెల్ అని మనకు తెలుసు. కైబోత్ తర్వాత అతని బొమ్మ విడిగా కూడా గీశాడు. అంటే పనివాడి పేరు నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. నేల గీకిన ముగ్గురికి ఆ భాగ్యం లేదు. శీర్షికలో వాళ్ల పని పేరు మిగిలింది, అంతే.

అక్కడిది వర్గం, ఇక్కడిది కులం. రెండూ ఒకటే అని నేననను. మన దగ్గర పని పేరే కులం పేరై, తరతరాలుగా ఒంటికి అంటుకుంది. మనిషి పేరు చెరిపేసి పని పేరుతో పిలవడం మాత్రం రెండు చోట్లా కనిపిస్తుంది.

కైబోత్‌ను నేను తప్పుపట్టను. తండ్రి సైన్యానికి బట్ట సరఫరా చేసి సంపాదించిన ఇంట్లో ఉంటూ, ఆ ఇంటి వైభవాన్ని మోసిన వీపుల్ని చూశాడు, గీశాడు. పేర్లు రాయాల్సిన పని మనది.

విద్యార్థి మిత్రులారా, మీ హాస్టల్ నేల ఎవరు వేశారు? కనుక్కోండి. పేరుతో సహా రాసుకోండి.

మా నాన్న పేరు ఏసోబు.

జై భీమ్.