మన యింటి క్రిస్మసు చెట్టు

మెదకు పట్టణమున డిసెంబరు మాసము ప్రవేశింపగానే తెల్లవారుజామున మంచు కురియును. క్రైస్తవ గృహముల ముంగిళ్లలో వెదురుగడలపై కాగితపు నక్షత్రములు వెలుగును. ఆ దినములలోనే ఇంటింట నొక ప్రశ్న పుట్టును: ఈ యేడు చెట్టుగా దేనిని నిలుపుదము? అంగడిలో దొరకు ప్లాస్టికు చెట్టునా, నరికి తెచ్చిన సరుగుడు కొమ్మనా, కుండీలో బ్రతికియున్న మొక్కనా? ప్రశ్న చిన్నదే. కాని సమాధానము చెప్పుటకు ముందు ఆ చెట్టు మన యింటికి వచ్చిన త్రోవను తెలిసికొనుట మంచిది.

చలిదేశములందు పెరుగు ఫర్ వృక్షమొక్కటియే నిజమైన క్రిస్మసు చెట్టనియు, మనము నిలుపునది దానికి బదులు మాత్రమే యనియు పలువురు తలంతురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. 1605లో స్ట్రాస్‌బర్గు పట్టణవాసులు తమ గదులలో ఫర్ చెట్లను నిలిపి, వానికి కాగితపు గులాబులను, ఆపిలు పండ్లను, మిఠాయిలను కట్టుచుండిరని ఆనాటి వ్రాత యొకటి తెలుపుచున్నది. వారి కొండలలో శీతకాలమున పచ్చగా నుండునది ఆ చెట్టు. కనుక దానినే తెచ్చుకొనిరి. 1800లో ఇంగ్లండు రాణి షార్లెట్ విండ్సరులో పిల్లల వేడుకకై నిలిపినదో, ఫర్ కాదు; తొట్టిలో నుంచిన యూ చెట్టు. 1848లో విక్టోరియా రాణి కుటుంబము చెట్టు చుట్టును నిలిచియున్న చిత్రము ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికలో అచ్చుపడిన పిమ్మట ఈ యాచారము సామాన్యుల యిండ్లకు వేగముగా వ్యాపించెను. కావున చెట్టు జాతి ప్రధానము కాదు. ఆకురాలు కాలమునను పచ్చగా నిలుచుటయే ప్రధానము.

వెలుపలినుండి వచ్చిన రూపము ఈ నేల బ్రతుకులో కలిసిపోవుటకు మెదకులోనే గొప్ప నిదర్శన మొకటి కలదు. వెస్లియను మిషనుకు చెందిన రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు 1914 ప్రాంతమున ఆరంభించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన, సరిగా క్రిస్మసునాడే, ప్రతిష్ఠింపబడెను. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. రూపము పాశ్చాత్యుల గోథిక్ శిల్పము. కాని కరవునాళ్లలో ఆ రాళ్లను మోసినవి ఈ సీమవారి భుజములు. ఆ పని వారికి కూడు పెట్టెను. 2024లో నూరేండ్లు నిండిన ఆ కట్టడమును నేడు మెదకు ప్రజలు పరాయిదని తలపరు.

సరుగుడు కథయు నట్టిదే. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరములకు చెందిన యీ చెట్టును పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు తీరము వెంబడి రైలు ఇంజనుల వంటచెరకుకై తోటలుగా నాటిరి. దాని సూదులవంటివి నిజమునకు ఆకులు కావు. కణుపులు గల సన్నని రెమ్మలు. అసలైన ఆకులు కణుపుల చుట్టు చిన్న పొలుసులుగా నుండును. పిల్లలు రెమ్మను కణుపు వద్ద త్రుంచి, మరల అతికించి, ఎచ్చట విరిగినదో చెప్పుమని ఆడుకొందురు. తెలుగు క్రైస్తవులు ఎందరో ఈ కొమ్మనే తొట్టిలో నిలిపి నక్షత్రములు కట్టిరి. అయితే నరికిన కొమ్మ కొలది దినములలోనే వాడిపోవును. అంతేకాదు, సరుగుడు పచ్చిదైనను మండును. దానిపై క్రొవ్వొత్తులు వెలిగించుట ప్రమాదము.

ఇక కుండీలోని మొక్క మాట. 1774లో కెప్టెన్ కుక్ పసిఫిక్ మహాసముద్రమున నార్ఫోకు దీవిని చేరినప్పుడు అచ్చట నిటారుగా పెరిగిన వృక్షములను చూచెను. అరకేరియా యనబడు ఆ జాతి మొక్కలే నేడు మన నర్సరీలలో క్రిస్మసు చెట్టను పేర లభించుచున్నవి. కొమ్మలు అంతస్తులుగా చుట్టును విచ్చుకొనియుండును.

మా యుద్దేశమున ఇంటికి తగినది ఇదియే. కొనునప్పుడు కొన చూడవలెను. అది విరిగిన మొక్క మరల ఆ యందముతో ఎదుగదు. క్రింది అంతస్తు రెమ్మలు ఎండక పచ్చగా నుండవలెను. కుండీకి నీరు పోవు రంధ్ర ముండవలెను. చెట్టును పండుగ కొలది దినములు మాత్రమే లోపల నుంచి, పిదప వెలుతురు గల నీడలో పెట్టవలెను. మెదకు మేనెల యెండకు ఒక్కసారిగా గురిచేసిన మొక్క మాడిపోవును. రెమ్మలకు బరువైనవి కట్టరాదు. కాగితపు నక్షత్రములు చాలును. సరుగుడుపైననే మక్కువ గలవారు కొమ్మను నరుకక, తొలకరి వానలకు గోడలకు దూరముగా ఒక మొక్కను నాటి, పెరటిలోనే దానిని అలంకరింపవచ్చును.

ప్లాస్టికు చెట్టు ఏటేట పెట్టెనుండి అదే యెత్తున వెలువడును. బ్రతికిన చెట్టు అట్లు కాదు. ఈ డిసెంబరున పిల్లవాని మోకాలంత యున్నది వచ్చు డిసెంబరుకు కొంత యెదుగును; వాడును ఎదుగును. ఏటేట రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి కొలుచుట ఆ యింటి పండుగలో నొక భాగ మగును. నీరు పోయు పని పిల్లవానికే యప్పగించిన మరియు మేలు.