అతాయీల తారీఖ్

ఉర్దూలో ‘అతాయీ’ అని ఒక మాట ఉంది. ‘అతా’ అంటే కానుక, బహుమానం. ఆ లెక్కన అతాయీ అంటే ఏ ఉస్తాద్ ముందూ మోకాళ్ళు మడవకుండా, పైవాడు ఇచ్చిన దానితోనే పాడేవాడు, వాయించేవాడు. పుట్టుక ఇంత అందమైన మాటే, వాడకంలోకి వచ్చేసరికి చేదెక్కిపోయింది. ఘరానాల వాళ్ళు ఎవరినైనా తీసిపారేయాలంటే ‘అరె, వాడు అతాయీ’ అనేవారు. చదువు లేకుండా మందులిచ్చే నకిలీ హకీముకీ ఇదే పేరు.

అయితే ఒక సంగీతం ఉంది. దాని తారీఖ్ తిరగేస్తే పేజీ పేజీకీ అతాయీలే కనిపిస్తారు. అది మిజ్రాబ్ లేకుండా, ఉత్త వేళ్ళతో ఒంటరిగా వాయించే గిటార్. ఫింగర్‌స్టైల్ అంటారు. పాట ఉండదు, తబలా ఉండదు, పక్కన ఎవరూ ఉండరు. బొటనవేలు మంద్రం తీగల మీద తాళం నడిపిస్తుంది. మిగతా వేళ్ళు పై తీగల మీద రాగం పలికిస్తాయి. ఒక్క మనిషి, ఒక చెక్క పెట్టె, అంతే మొత్తం మెహ్‌ఫిల్.

ఈ కథ మొదలు మన వైపుకి దగ్గరగానే ఉంది. అరబ్బీలో ‘ఊద్’ అంటే కర్ర. ఆ పేరున్న వాద్యమే ఆండలూసియా మీదుగా యూరప్ వెళ్ళి ‘ల్యూట్’ అయింది. దాన్ని వాయించిన వాళ్ళలో పెద్ద పేరు జిర్యాబ్‌ది. బాగ్దాద్‌లో ఇస్‌హాఖ్ మౌసిలీకి శాగిర్ద్. ఖలీఫా ముందు శాగిర్ద్ మెరిసేసరికి ఉస్తాద్ కడుపు మండిందనీ, ఊరొదిలి పొమ్మన్నాడనీ అల్ మఖరీ రాసిన కథనం. 822లో ఆయన కొర్డోబా చేరాడు. ఊద్‌కి ఐదో తీగ కలిపాడనీ, కర్ర మిజ్రాబ్ బదులు గద్ద ఈక వాడాడనీ అదే కథనం చెబుతుంది.

ఈకతో ఒకసారికి ఒక స్వరమే బాగా పలుకుతుంది. 15వ శతాబ్దం చివర్లో యూరప్ వాదకులు ఈక పక్కనపెట్టి వేళ్ళు అందుకున్నది అందుకే. వాళ్ళ సంగీతంలో రెండు మూడు గొంతులు ఒకేసారి నడుస్తాయి, ఒక్క ఈక అన్నిటినీ మోయలేదు. ఒంటరి గిటార్ గుట్టు మొత్తం అక్కడే ఉంది. ఒకే మనిషి ఇద్దరిలా వినిపించాలి.

ఇక అమెరికా. 1860 ప్రాంతంలో సిన్సినాటిలో గిటార్ నేర్పే హెన్రీ వారల్ అనే ఆయన ఇళ్ళలో శౌఖ్‌గా వాయించుకునే వాళ్ళ కోసం రెండు గత్‌లు అచ్చువేశాడు. ఒకటి ‘స్పానిష్ ఫాండాంగో’. రెండోది ‘సెబాస్టొపోల్’, అంటే క్రిమియా యుద్ధంలో తుర్కులు, ఇంగ్లీషు వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు కలిసి ముట్టడించిన ఊరు. రెండింటికీ తీగలు మామూలుగా కాక వేరే శ్రుతుల్లో కలపాలి. కాగితం చిరిగిపోయింది, శ్రుతులు మాత్రం మిగిలాయి. నోట్స్ చదవడం రాని నల్లజాతి వాదకులు వాటిని చెవితో పట్టుకున్నారు. ఒక శ్రుతికి ‘స్పానిష్’ అనీ, రెండోదానికి ‘వాస్టొపోల్’ అనీ పేర్లు స్థిరపడ్డాయి.

అలా పట్టుకున్న వాళ్ళలో ఒకరు ఎలిజబెత్ కాటన్. 1893లో నార్త్ కరొలైనాలో పుట్టారు. చిన్నపిల్లగా ఇళ్ళలో పని చేసి కూడబెట్టిన 3.75 డాలర్లతో గిటార్ కొనుక్కున్నారు. ఆమెది ఎడమచేతి వాటం. తీగలు మార్చకుండా గిటార్‌నే తిరగేసి పట్టుకున్నారు. దాంతో లెక్కంతా తలకిందులైంది: వేళ్ళు మంద్రం వాయించాలి, బొటనవేలు రాగం వాయించాలి. పక్కన ఉస్తాద్ ఉంటే మొదటి రోజే ‘అలా కాదు’ అని చేయి సరిచేసేవాడు. సరిచేసే వాళ్ళు లేకపోవడం వల్లే ఒక కొత్త బాణీ పుట్టింది. ఇవాళ దాన్ని ఆమె పేరుతోనే ‘కాటన్ పికింగ్’ అంటున్నారు.

తర్వాత ఆమె గిటార్ వదిలేశారు. చర్చిలో అలాంటి పాటలు మంచివి కావన్నారు. సంసారం, పని, ఏళ్ళు గడిచిపోయాయి. సంగీతం తగునా తగదా అనే బహస్ మన ఇళ్ళలో ఒక్కటే లేదన్నమాట. వయసు మళ్ళాక, సంగీత పరిశోధకులైన సీగర్ ఖాందాన్ ఇంట్లో పనికి కుదిరినప్పుడు, గోడకున్న గిటార్ తీసి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ ఇంటి అబ్బాయి మైక్ రికార్డు చేస్తే 1958లో ఫోక్‌వేస్ సంస్థ ఆల్బమ్ తెచ్చింది. అందులో ‘విల్సన్ రాగ్’ ఉంది, ‘వాస్టొపోల్’ కూడా ఉంది. ఆమెకు తొంభై దాటాక గ్రామీ అవార్డు వచ్చింది.

కానీ ఈ కహానీలో ఒక ముల్లుంది. బాల్యంలో తాను కట్టిన ‘ఫ్రైట్ ట్రైన్’ పాట ఇంగ్లండు చేరింది. అక్కడ 1957లో అది వేరేవాళ్ళ పేరుతో హిట్ అయింది. పనిమనిషి కట్టిన పాటకు కాగితం ఎక్కడిది? సీగర్ కుటుంబం పూనుకున్నాక గానీ ఆమె పేరు ఆమెకు దక్కలేదు.

జాన్ ఫాహే దారి వేరు. మేరీలాండ్‌లోని టకోమా పార్క్ కుర్రాడు, తనంతట తాను నేర్చుకున్నవాడు, పెట్రోల్ బంకులో పని చేసేవాడు. 1959లో పాట అనేదే లేకుండా ఉత్త గిటార్‌తో రికార్డు వేద్దామనుకున్నాడు. ఏ కంపెనీ వేస్తుంది? సొంతంగానే 100 కాపీలు అచ్చు కొట్టించాడు. ఒక వైపు తన పేరు, రెండో వైపు ‘బ్లైండ్ జో డెత్’ అనే కల్పిత పేరు పెట్టాడు. దక్షిణాది బ్లూస్ బొటనవేలితో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు పొడవైన ఊహల్ని కలిపాడు. ఆ 100 కాపీల రికార్డే తర్వాత అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వారి జాతీయ రికార్డింగుల 2010 జాబితాలోకి ఎక్కింది.

అదే కాలంలో లండన్‌లో డేవీ గ్రాహమ్. తండ్రిది స్కాట్లండ్, తల్లిది గయానా. ఇరవై నిండకముందే ‘ఆంజీ’ అనే గత్ కట్టాడు. మంద్రంలో నాలుగు మెట్లు దిగడం, పైన రాగం తుళ్ళడం, అంతే. 1962లో విడుదలైంది. ఇంగ్లండులో గిటార్ పట్టిన ప్రతి కుర్రాడికీ అది ఇమ్తిహాన్ అయిపోయింది. పాల్ సైమన్ కూడా తన ఆల్బమ్‌లో వాయించాడు.

1960ల మొదట్లో గ్రాహమ్ మొరాకో వెళ్ళాడు. ఊద్ వాదకులతో కలిసి వాయించబోతే తన గిటార్ శ్రుతి కుదరలేదు. ఊద్‌ని మార్చమనలేదు, తన తీగల్నే సడలించాడు. ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ ఒక్కో స్వరం దించాడు. వచ్చిన శ్రుతి డి-ఎ-డి-జి-ఎ-డి. ‘డాడ్‌గాడ్’ అని పిలుస్తారు. ఇందులో ఖాళీ తీగలు మీటితే అది సంతోషమూ కాదు, దుఃఖమూ కాదు, తంబూరాలాగా మధ్యలో నిలబడుతుంది. అల్జీరియాలోని ఓరాన్‌లో పుట్టిన పియేర్ బెన్సుసాన్ తన జిందగీ మొత్తం ఈ ఒక్క శ్రుతికే రాసిచ్చాడు. కర్ర అని పేరున్న వాద్యం నుంచి బయల్దేరిన కథ, వెయ్యేళ్ళ తర్వాత మళ్ళీ ఊద్ పక్కకే వచ్చి కూర్చుంది.

శౌఖ్‌గా వాయించుకునే వాళ్ళు సొంత గత్ కట్టాలనుకుంటే కొత్త శ్రుతితో ఎందుకు మొదలుపెడతారో ఇక్కడ అర్థమవుతుంది. పాత శ్రుతిలో వేళ్ళు అలవాటైన చోటికే పోతాయి, ఎవరో కట్టిన పాటే మళ్ళీ పుడుతుంది. తీగలు మారగానే వేళ్ళ జ్ఞాపకం పనికిరాదు. చెవి ముందు నడవాలి. బొటనవేలు తనంతట తాను నడిచేదాకా రియాజ్ తప్పదు. అది ఏ ఉస్తాదూ మాఫ్ చేయలేడు, ఏ అతాయీ తప్పించుకోలేడు.

వీళ్ళకి ఉస్తాద్‌లు లేరనడం కూడా పూర్తి సచ్ కాదు. కాటన్‌కి ఊళ్ళో విన్న గిటార్లు, ఫాహేకి పాత రికార్డులు, గ్రాహమ్‌కి మొరాకో ఊద్‌లు. లేనిదల్లా ఇజాజత్ ఇచ్చే ఒక్క పెద్దమనిషి. ఘరానా ఇచ్చే పట్టింపు, భద్రత గొప్పవే. అవి లేనివాడు పారేసుకునేది మాత్రం సంగీతాన్ని కాదు, పేరుని. కాటన్‌కి జరిగింది అదే.

ఉర్దూలో ‘తారీఖ్’ అంటే తేదీ, చరిత్ర రెండూ. సాయంత్రం డ్యూటీ దిగి గదిలో కూర్చుని ఎనిమిది స్వరాల ముక్క ఒకటి కట్టుకున్నారా? ఫోన్‌లో రికార్డు చేయండి. దానికో పేరు పెట్టండి. కింద మీ పేరు రాయండి. తారీఖు వేయండి.