గృహసర్వరు పుట్టుపూర్వోత్తరములు

వెబ్‌సైటు నిర్మించువాడు తాను వ్రాసిన పుటలను లోకమునకు చూపకమున్నే, నాటక సమాజమువారు తెర యెత్తకమున్ను ఒద్దికలు జరుపుకొనునట్లు, తన గదిలోని యంత్రమునందే యొక సర్వరును నెలకొల్పుకొని, అందు వానిని నడిపి చూచి, తప్పులు దిద్దుకొని, పిమ్మట వెలికి పంపుట నేడు సర్వసామాన్యమైన యాచారము. దీనిని తరువాతి కాలమున కల్పింపబడిన సౌకర్యముగా పలువురు తలంతురు. చరిత్రను తఱచి చూచినచో, వెబ్బు పుట్టినదే యిట్టి సర్వరునందని తేలును.

1989 మార్చిలో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున, శాస్త్రజ్ఞుల పత్రములను ఒండొంటితో ముడివెట్టు పద్ధతి నొకదానిని ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్-లీ, మరుసటి యేటి చివరకు తన నెక్స్ట్ కంప్యూటరుమీదనే తొలి సర్వరును, తొలి బ్రౌజరును గూడ వ్రాసి నడిపించెను. ఆ బ్రౌజరు చదువుటకే గాక పుటలను దిద్దుటకును పనికివచ్చెడిది. కనుక వ్రాయుచోటు, పరీక్షించుచోటు, లోకమునకు చూపుచోటు మూడును ఒక్క యంత్రమే యయ్యెను. ఎవరైన పొరపాటున మీట నొక్కి దాని నార్పివేసినచో అప్పటి వెబ్బంతయు నారిపోవును గనుక, ఇది సర్వరు, దీని నాపవలదు అని యెఱ్ఱసిరాతో వ్రాసిన చీటీ నొకదానిని దానికి అంటించిరి. మహత్తరములైన యారంభములకు ఇంతటి నిరాడంబరమైన సాక్ష్యము దొరకుట యరుదు. ఆ చీటీని తలచినపుడెల్ల నా మనస్సు ఆర్ద్రమగుచుండును.

అనతికాలమునకే ఈ యేకత్వము చెదరెను. సర్వరులు విశ్వవిద్యాలయములకును, చోటు అద్దెకిచ్చు కంపెనీలకును తరలిపోగా, సామాన్యుడు తన ఫైళ్ళను ఎఫ్‌టీపీ ద్వారా దూరపు యంత్రమునకు పంపి, అచటనే ఫలితమును చూచుకొనవలసివచ్చెను. అక్షరమొకటి తప్పినను ఆ తప్పు ఊరందఱి కన్నులబడెడిది.

తప్పునకు మరల ఏకాంతము దొరకుటకు తోడ్పడినవి రెండు పాతవస్తువులు. 1983కు పూర్వము ఇంటర్నెట్టునకు మూలమైన ఆర్పానెట్టులోని యంత్రముల పేర్లన్నియు స్టాన్‌ఫర్డ్ పరిశోధనాసంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందము నిర్వహించిన ఒక్క ఫైలులో నుండెడివి. తక్కినవారెల్ల దానికి ప్రతి తీసికొనుచుండిరి. యంత్రములు పెరిగి ఆ పద్ధతి సాగకపోగా, ఆ యేడు పాల్ మోకపెట్రిస్ డొమైను పేర్ల వ్యవస్థను రూపొందించెను. అయినను పాత పట్టిక నశింపలేదు. హోస్ట్స్ అను పేర ప్రతి యంత్రమునందును చిన్న ఫైలుగా నిలిచిపోయెను. ఇంటి సర్వరువాడు తనకు నచ్చిన పేరొకటి అందు చేర్చి, దానికి ముందు 127.0.0.1 అని వ్రాసినచో, ఆ పేరు పిలిచినపుడు పలుకునది తన యంత్రమే. ఆ సంఖ్యయే రెండవ వస్తువు. యంత్రము తనతో తాను మాటలాడుకొనుటకై 127తో మొదలగు చిరునామాల నన్నిటిని, అనగా 1,67,77,216 చిరునామాలను, ఆనాటి పెద్దలు విడిచిపెట్టిరి. తరువాత లోకమున చిరునామాలకు కఱవు వచ్చినది. అయినను ఏకాంతభాషణమునకై విడిచిన ఆ విశాలభూమి నేటికిని అట్లే యుండుట నాకెంతయు సంతోషము.

స్థలము సిద్ధమైనను పనిముట్లు కావలయును గదా! ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ఎన్‌సీఎస్‌ఏ కేంద్రమున రాబ్ మెకూల్ వ్రాసిన సర్వరు, ఆయన 1994లో వెడలిపోగా దిక్కులేనిదై, వాడుకరులు దానికి ఎవరికివారే అతుకులు వేసికొనుచుండిరి. వారిలో ఎనమండుగురు ఆ యతుకుల నొకచోట చేర్చి, 1995 ఏప్రిల్‌లో అపాచీని వెలువరించిరి. హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో తన 386 యంత్రముపై మొదలిడిన లినక్సు, స్వీడనులో పుట్టిన మైఎస్‌క్యూఎల్, రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన పీహెచ్‌పీ దానికి తోడయ్యెను. ఈ నాలుగింటి కలయికకు 1998లో ఒక జర్మను పత్రికలో మైఖేల్ కుంజె ల్యాంప్ అని పేరు పెట్టెను. ఇవి ఉచితముగా దొరకుట గొప్ప మేలే. అంతకు మించిన మేలు, పెద్ద కంపెనీల మందిరములలో నడచు ప్రోగ్రామే అక్షరభేదము లేక పడకగదిలోను నడచుట.

తెలుగువారికి ఇది మఱింత యక్కఱకు వచ్చినది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ భారతప్రజలకు ఇంటర్నెట్టు ద్వారమును తెఱచినను, ఏండ్ల తరబడి అది టెలిఫోను తీగపై నత్తనడక నడచుచు, గంటలలెక్కన ధనము గుంజుకొనుచుండెను. అట్టి దినములలో వెబ్బుతో సంబంధమే లేక వెబ్బువిద్య నేర్వగలుగుట ఎంతటి యుపకారము! పత్రికలతో వచ్చిన సీడీలనుండి లినక్సు నెక్కించుకొని, అమీర్‌పేట శిక్షణాలయములలో పగలు విన్నదానిని రాత్రి అద్దెగదిలో చేసి చూచుకొనిన యువకులకు ఆ యంత్రమే గురువు. అపాచీ మొదలగు పనిముట్లను ఒక్క మూటగా అందించు జాంప్ 2002లో వచ్చిన పిదప విండోసు వాడువారికిని ఈ పని సులభమయ్యెను. హెచ్‌టీడాక్స్ అను ఫోల్డరులో పుట నుంచి, బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని కొట్టినంతనే అది ప్రత్యక్షమగును.

ఐతే ఫైళ్ళ పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరముల భేదమును విండోసు పాటింపదు, లినక్సు పాటించును. ఇంట నిండుగా కనబడిన బొమ్మ హోస్టింగు సర్వరును చేరగనే మాయమగుటకు తఱచుగా కారణమిదియే. ఈ యంతరమును తొలగించుటకే దూరపు లినక్సు యంత్రమును యథాతథముగా ఇంటి యంత్రమునందే ప్రతిష్ఠించు వేగ్రంట్ 2010లోను, అంతకంటె తేలికయైన డాకర్ 2013లోను వచ్చినవి. ఆ డాకర్ కంటెయినరులలో దేనిని తెఱచి చూచినను, ఈటీసీ డైరెక్టరీలో హోస్ట్స్ అను చిన్న ఫైలు కనబడును. అందు మొదటి పంక్తి 127.0.0.1 లోకల్‌హోస్ట్.